రెండు లైన్ల ప్యాచ్‌ను కూడా ప్రాజెక్టుగా ఒప్పుకోండి

గోదావరి జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల కంప్యూటర్ సైన్స్ విభాగాధిపతులకు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గైడ్లకు, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు

నమస్కారాలు.

నేను కోనసీమవాణ్ని. నెట్‌వర్క్ పరికరాల్లో లైనక్స్ నడిపించడం నా ఉద్యోగం. ఆ పనిలో భాగంగానూ, తీరిక దొరికినప్పుడూ లైనక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రామ్‌లకూ మధ్య నడిచే మూల భాగం) లైబ్రరీ కోడ్‌లోని చిన్న చిన్న బగ్‌లను సరిచేసి పంపిస్తుంటాను. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఆసక్తి ఉన్న పిల్లలకు ఆ పని నేర్పిస్తుంటాను. అలా నేర్చుకున్న ఒక అమ్మాయికి జరిగిన దాని వల్లే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ అమ్మాయి మన ప్రాంతంలోని ఒక కాలేజీలో ఫైనల్ ఇయర్ చదువుతుండగా, కెర్నెల్ లైబ్రరీ కోసం రాసిన ఒక పరీక్షల ఫైలు చదువుతూ అందులో లోపం పట్టుకుంది. ఆ పరీక్ష మొదట్లో కొంత మెమరీ తీసుకుంటుంది, చివరి లైన్‌లో తిరిగి ఇచ్చేస్తుంది. మధ్యలో ఒక అసర్షన్ (ఇది నిజమై తీరాలి అని పెట్టే తనిఖీ) ఫెయిలైతే మాత్రం పరీక్ష అక్కడికక్కడే ఆగిపోతుంది. చివరి లైను దాకా రాదు. తీసుకున్న మెమరీ ఎవరికీ చెందకుండా ఉండిపోతుంది. పరీక్ష ఎలా ముగిసినా మెమరీని తనంతట తానే వదిలేసే ఫంక్షన్ కెర్నెల్ పరీక్షల వ్యవస్థ కేయూనిట్‌లో ఉంది. ఆమె పాతదాని బదులు దాన్ని వాడింది. ఒక లైను మారింది, ఒక లైను పోయింది. ఆ మార్పును ప్యాచ్‌గా, అంటే ఉన్న కోడ్‌లో ఏం మారాలో చూపే చిన్న ఫైలుగా, కెర్నెల్ వాళ్లకు పంపింది. ప్యాచ్ చూసినాయన ‘ఇదే ఫైల్లో కింద ఇంకో చోట కూడా ఇలాగే ఉంది కదా’ అని అడిగితే, అదీ సరిచేసి రెండో వెర్షన్ పంపింది. తీసుకున్నారు.

దీన్నే ప్రాజెక్టుగా పెట్టుకుంటానని కాలేజీలో అడిగితే, ‘రెండు లైన్లకు ప్రాజెక్టు ఏమిటమ్మా, డాక్యుమెంటేషన్‌లో ఏం రాస్తావు?’ అన్నారట. చివరికి ఆమె బ్యాచ్ పిల్లలందరూ తలా కొంత వేసుకుని ఒక రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చారు. వైవా అయిపోయింది. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

ఆ గైడ్ గారి మీద నాకు కోపం లేదండి. ఆయన చేతిలో ఉన్న మార్కుల పట్టికలో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, మాడ్యూల్స్, డయాగ్రమ్‌లు, స్క్రీన్‌షాట్లు, ఇన్ని పేజీల రిపోర్టు అని గడులున్నాయి. ఉన్న కోడ్‌లో తప్పు పట్టుకుని సరిచేసిన విద్యార్థికి ఆ పట్టికలో చోటే లేదు. ఆ చోటు కల్పించమని అడగడానికే రాస్తున్నాను. కెర్నెల్ లైబ్రరీ కోడ్‌లో ఒక నిజమైన బగ్‌ను కనిపెట్టి, అర్థం చేసుకుని, సరిచేసి, పరీక్షించి, కారణంతో సహా రాసి పంపిన విద్యార్థికి అది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చెల్లాలి. ఎన్ని లైన్లు మారాయన్నది చూడకూడదు.

లైబ్రరీ కోడ్ అనే ఎందుకంటున్నానో చెప్పాలి. కెర్నెల్ మామూలు సి లైబ్రరీని వాడుకోలేదు. అది ఆ లైబ్రరీకి కింద, హార్డ్‌వేర్ పక్కన నడుస్తుంది. అందుకని స్ట్రింగ్‌లు కాపీ చేయడం, అక్షరాల్ని అంకెలుగా మార్చడం, సార్టింగ్, ట్రీలు, బిట్‌మ్యాప్‌లు, కంప్రెషన్, సీఆర్‌సీ (డేటా పాడైందో లేదో పట్టించే తనిఖీ సంఖ్య) లెక్కలు, ఇలాంటివన్నీ దానికి సొంతంగా ఉండాలి. చాలావరకు ‘లిబ్’ అనే ఫోల్డర్లో ఉంటాయి. మీరు రెండో ఏడాదిలో చెప్పే డేటా స్ట్రక్చర్స్ పాఠం అక్కడ కోట్ల పరికరాల్లో నడుస్తోంది. రెడ్ బ్లాక్ ట్రీ అంటే పరీక్ష కోసం బట్టీ పట్టే విషయమని అనుకునే పిల్లాడికి ఆ ఫైలు తెరిచి చూపించండి, ముఖం ఎలా మారుతుందో చూడండి. డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్‌లు, నెట్‌వర్క్ కోడ్ అన్నీ ఈ ఫంక్షన్ల మీదే ఆధారపడతాయి. ఇక్కడ ఒక తప్పు ఉంటే దాన్ని పిలిచే ప్రతి చోటికీ అది వెళ్తుంది.

రెండు లైన్లకు ఏం విలువ అనేవారికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ డర్టీ పైప్ అనే లైనక్స్ భద్రతా లోపం. 2021 ఏప్రిల్‌లో ఒక వెబ్ హోస్టింగ్ కంపెనీకి కస్టమర్ నుంచి ఫిర్యాదు వచ్చింది. డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు విప్పుకోవడం లేదు, చివర సీఆర్‌సీ తప్పు చూపిస్తోంది. అలాంటివి మళ్లీ మళ్లీ వచ్చాయి. మాక్స్ కెల్లర్‌మన్ అనే ఇంజనీరు దాన్ని వదిలిపెట్టలేదు. పాడైన ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూశాడు. ప్రతిదాంట్లోనూ చివరి ఎనిమిది బైట్లే చెడిపోయాయి, పైగా వాటి స్థానంలో అవే ఎనిమిది బైట్లు కనిపిస్తున్నాయి. ఎక్కువగా నెలాఖరు ఫైళ్లే పాడవుతున్నాయి. ఆ ఎనిమిది బైట్లు జిప్ ఫైల్ హెడర్‌వని గుర్తుపట్టి, అక్కణ్నుంచి వెనక్కి వెనక్కి వెళ్లి, 2022 ఫిబ్రవరిలో అది తమ ప్రోగ్రామ్ తప్పు కాదు, కెర్నెల్ బగ్ అని తేల్చాడు.

ఆ బగ్ లిబ్ ఫోల్డర్లోనే ఉంది. పైపుకు (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పంపే దారి) కొత్త బఫర్ (తాత్కాలిక నిల్వ) కేటాయించే రెండు ఫంక్షన్లలో ‘ఫ్లాగ్స్’ అనే గడిని సున్నా చేయడం మరిచిపోయారు. పాత బఫర్‌లో ఏ విలువ మిగిలి ఉంటే అదే కొత్తదానికి వచ్చేది. 2016 నుంచి అలాగే ఉంది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. 2020లో వచ్చిన 5.8 వెర్షన్‌లో పైపు కోడ్‌ను వేరే చోట పద్ధతిగా సర్దారు. ఆ మార్పులో తప్పేమీ లేదు. కానీ దాంతో ఆ గడిలో మిగిలిపోయిన పాత విలువకు కొత్త అర్థం వచ్చింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైల్లోకి మామూలు యూజర్ కూడా రాయగలిగే పరిస్థితి ఏర్పడింది. అంటే ఆ మెషీన్ మీద రూట్ అధికారం, పూర్తి పెత్తనం, అతని చేతికి వచ్చినట్టే. ఆండ్రాయిడ్ ఫోన్ మీద కూడా అది పనిచేస్తుందని కెల్లర్‌మన్ చూపించాడు.

దాన్ని సరిచేసిన ప్యాచ్ ఎంత? ఆ రెండు ఫంక్షన్లలో ఒక్కో లైను. ఫ్లాగ్స్‌ను సున్నా చేయడం, అంతే. ఫిబ్రవరి 21న ప్యాచ్ బయటికి పంపితే 23కల్లా స్థిర వెర్షన్లలోకి వెళ్లిపోయింది. మీ మార్కుల పట్టిక ప్రకారం ఆ పనికి ఎన్ని మార్కులు పడతాయో ఒకసారి లెక్క వేసి చూడండి.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది ఫస్టియర్ పిల్లలు కూడా కాగితం మీద చేయగల లెక్క. కెర్నెల్‌లో ఎల్‌జడ్‌ఓ అనే కంప్రెషన్ కోడ్ ఉంది. అందులో పొడవైన నిడివి చెప్పాలంటే సున్నా బైట్లు వరసగా రాస్తారు, ఒక్కో సున్నాకు 255 చొప్పున కలుపుకుంటూ పోవాలి. కావాలని ఎవరైనా సున్నాలు రాస్తూ పోతే? 32 బిట్ల లెక్క 429 కోట్ల పైచిలుకు దగ్గర నిండిపోతుంది. దాన్ని 255తో భాగిస్తే దాదాపు 1.68 కోట్లు. అంటే 16 మెగాబైట్ల సున్నాలు ఇస్తే లెక్క తిరిగి మొదటికొస్తుంది, కోడ్ తన హద్దు చూసుకునే పరీక్ష మోసపోతుంది. 2014లో ఇది బయటపడింది. మొదట ఒక పరిష్కారం పెట్టారు. అదే ఏడాది దాన్ని వెనక్కి తీసుకుని, ఎన్నిసార్లు 255 కలపవచ్చో ముందే పరిమితి పెట్టే ఇంకో పరిష్కారం తెచ్చారు. తలపండిన ప్రోగ్రామర్లు చేసిన పనినే మళ్లీ చేయాల్సి వచ్చింది. విద్యార్థి ప్యాచ్‌ను రెండో వెర్షన్, మూడో వెర్షన్ రాయమంటే అది ఫెయిలవడం కాదని మీరు వాళ్లకు చెప్పగలగాలి.

అన్నీ ఇంత పెద్ద కథలు కావు. చాలావరకు ఎవరి దృష్టికీ రాని సవరణలే. స్టర్‌ఎల్‌కాపీ అనే ఫంక్షన్ ఉండేది. కాపీ చేయాల్సింది పది అక్షరాలే అయినా, మూల స్ట్రింగ్ మొత్తం పొడవు చెప్పడం కోసం అది చివరిదాకా చదువుకుంటూ పోతుంది. చివర సున్నా లేని స్ట్రింగ్ అయితే పక్క మెమరీలోకి వెళ్లిపోతుంది. దాని బదులు వాడమని 2015లో స్టర్‌ఎస్‌కాపీ తెచ్చారు. ఆ తర్వాత పాతదాన్ని వాడిన చోట్లన్నీ ఒక్కొక్కటిగా, ఎంతోమంది చేతుల మీదుగా, ఏళ్ల తరబడి మార్చుకుంటూ వచ్చి, 2024లో వచ్చిన 6.8 వెర్షన్‌లో స్టర్‌ఎల్‌కాపీని పూర్తిగా తీసేశారు. ఆ మార్పుల్లో ఏ ఒక్కటి చూసినా ఒకటి రెండు లైన్లే. కానీ ప్రతిచోటా ఆగి చూసుకోవాలి: ఇక్కడ తిరిగొచ్చే విలువను ఎవరైనా వాడుతున్నారా? కొత్త ఫంక్షన్ చోటు చాలకపోతే ఎర్రర్ ఇస్తుంది, పాతది పొడవు ఇచ్చేది. చూడకుండా మార్చేస్తే కొత్త బగ్ మనమే పెట్టినవాళ్లమవుతాం.

మన డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొరకు ఎన్నో ఊళ్లలో విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. ఆ నీళ్లు ఇవాళ్టికీ అల్లవరం, కాట్రేనికోన శివారు చేల దాకా వస్తున్నాయంటే అందులో గట్టు వెంట నడిచే లస్కర్ల పని కూడా ఉంది. ఎలక బొరియ కనబడిన రోజే పూడిస్తే తట్టెడు మట్టితో పోతుంది. వదిలేస్తే నీళ్లు జోరుగా ఉన్న రోజున గండి పడుతుంది. లస్కరు ఎన్ని తట్టల మట్టి వేశాడని మన రైతులెవరూ లెక్క అడగరు, గట్టు నిలిచిందా లేదా అన్నదే చూస్తారు.

ఇక మన కాలేజీల సంగతి. డ్రైవర్ల మీద పనిచేయాలంటే ఆ పరికరం చేతిలో ఉండాలి. అది మన ల్యాబుల్లో కష్టమని నాకు తెలుసు. లైబ్రరీ కోడ్‌కు ఏ పరికరమూ అక్కర్లేదు. 2020 జనవరిలో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి కేయూనిట్ కెర్నెల్‌లోనే ఉంది. ఒక్క కమాండ్ ఇస్తే, చిన్న కెర్నెల్ తయారై మామూలు ప్రోగ్రామ్‌లా నడిచి, పరీక్షలు చేసి, ఏది పాసయిందో ఏది ఫెయిలయిందో చెప్పి ఆగిపోతుంది. మీ మెషీన్ రీబూట్ చేయక్కర్లేదు, పాడవుతుందన్న టెన్షన్ లేదు. నడివయసు ల్యాప్‌టాప్ చాలు. సోర్స్ ఒకసారి దించుకున్నాక ఊళ్లో నెట్ లేకపోయినా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పరీక్షించుకోవచ్చు. నెట్ కావాల్సింది మెయిల్ పంపేటప్పుడే.

ఇంగ్లీషు గురించి కూడా చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు దీన్ని చూడగానే వెనక్కి తగ్గుతారు. ప్యాచ్‌తో పాటు రాసే వివరణ సెమినార్ ఇంగ్లీషు కాదు. ఏది తప్పు, అది జరిగితే ఏమవుతుంది, ఎలా సరిచేశాను. నాలుగు చిన్న వాక్యాలు. అక్కడ పెద్ద మాటలు వాడితే తీసేయమంటారు కూడా. మెయిల్ మామూలు టెక్స్ట్‌లో ఉండాలి, రంగులూ బొమ్మలూ పనికిరావు. నేను నేర్పిన వాళ్లలో అందరికంటే శుభ్రంగా వివరణ రాసినవాడు సఖినేటిపల్లి వైపు ప్రభుత్వ స్కూల్లో చదివిన కుర్రాడు. తెలియని మాట వాడడు కాబట్టి తెలిసిందే సూటిగా రాస్తాడు. వంద పేజీల స్పైరల్ బైండింగ్ రిపోర్టు ఇంతకంటే ఏం నేర్పుతుందో నాకైతే తెలియదు.

మార్కులు ఎలా వేయాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. నా దృష్టిలో ఇది రెడీమేడ్ ప్రాజెక్టుకు మార్కులు వేయడం కంటే తేలిక, ఎందుకంటే చేసిన పని దాచడానికి వీల్లేదు. బగ్ ఉందని చూపించే పరీక్ష రాశాడా? మార్పుకు ముందు అది ఫెయిలై, తర్వాత పాసవుతోందా? మీ ఎదురుగా నడిపించమనండి. ఆ తప్పు కోడ్‌లోకి ఎప్పుడు, ఏ మార్పుతో వచ్చిందో గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) చరిత్రలో వెతికి పట్టుకున్నాడా? కెర్నెల్ ప్యాచ్‌లో దీనికి ‘ఫిక్సెస్’ అనే వరుస ఉంటుంది, పాత మార్పు గుర్తింపులో కనీసం 12 అక్షరాలు, దాని శీర్షిక అందులో రాయాలి. ఆ వరుస రాయాలంటే ఒక్కోసారి పదేళ్ల చరిత్ర చదవాలి. ఆ రోజుల్లో ఆ కోడ్ అలా ఎందుకు రాశారో అర్థం చేసుకోవాలి. వైవాలో అడగాల్సింది ఇదే. అదే తప్పు ఇంకెక్కడైనా ఉందేమో వెతికాడా, వెతికిన చోట లేదంటే ఎందుకు లేదు? రివ్యూలో వచ్చిన ప్రశ్నకు ఏం జవాబిచ్చాడు, ఒప్పుకోకపోతే ఏ కారణం చూపించాడు? ప్రతి వెర్షన్‌కూ ఏం మారిందో ప్యాచ్‌లోనే రాసి ఉంటుంది, మీరు తేదీలతో సహా చూసుకోవచ్చు. ‘సైన్డ్ ఆఫ్ బై’ అని తన పేరు పెట్టడమంటే ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, దీనికి నాదీ బాధ్యత అని సంతకం చేయడం. ఏఐ రాసిచ్చినదాన్ని చదవకుండా పంపి కింద పేరు పెట్టేవాడు మీ మొదటి రెండు ప్రశ్నలకే దొరికిపోతాడు.

ఒక్క విషయంలో మాత్రం మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. దయచేసి ప్యాచ్‌ల సంఖ్యకు మార్కులు పెట్టకండి. 2020 అక్టోబర్‌లో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో నాలుగు మార్పులు పంపితే టీషర్టు అనేసరికి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీదికి పనికిమాలిన సవరణలు వరదలా వచ్చిపడ్డాయి. ఇష్టమైన ప్రాజెక్టులే పాల్గొనేలా నిర్వాహకులు అప్పటికప్పుడు నిబంధన మార్చాల్సి వచ్చింది. ఒక సెక్షన్‌లో అరవైమంది. తలా పది ప్యాచ్‌లు తెమ్మంటే వాళ్లు కామెంట్లలో అచ్చుతప్పులు ఏరి పంపిస్తారు. చదివేది అవతల తమ సమయం వెచ్చించే మనుషులు. వాళ్ల ఓపిక అయిపోతే నష్టపోయేది నిజంగా పనిచేసిన మన పిల్లలే. 2021 ఏప్రిల్‌లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పరిశోధన పేరుతో కావాలని బగ్‌లున్న ప్యాచ్‌లు పంపినందుకు కెర్నెల్ స్థిర వెర్షన్ల బాధ్యత చూసే గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్ ఆ యూనివర్సిటీ నుంచి మార్పులు తీసుకోవడమే ఆపేశాడు. అంతకుముందు వాళ్లు పంపినవన్నీ మళ్లీ తిరగేశారు. నిజాయితీగా పనిచేసిన విద్యార్థులు కూడా ఆ లెక్కలో పడ్డారు. మన కాలేజీల మెయిల్ చిరునామాలకు అలాంటి పేరు రాకూడదు.

అలాగే ప్యాచ్ తీసుకుంటేనే మార్కులు అని కూడా పెట్టకండి. కెర్నెల్ కొత్త వెర్షన్ రావడానికి తొమ్మిది, పది వారాలు పడుతుంది. అందులో కొత్త మార్పులు ఎక్కువగా చేర్చుకునేది మొదటి రెండు వారాల్లోనే. ఆ కోడ్ బాధ్యత చూసే మెయింటెయినర్ ఊళ్లో ఉండకపోవచ్చు, జవాబు నెల తర్వాత రావచ్చు. మన సెమిస్టర్ వాళ్ల కోసం ఆగదు, వాళ్లు మన సెమిస్టర్ కోసం ఆగరు. పైగా, బాగా వెతికి, పరీక్షించి, చివరికి ‘ఇది బగ్ కాదు, ఈ ఫంక్షన్‌ను పిలిచేవాళ్లే ముందు హద్దు చూసుకుంటారు’ అని తేల్చుకున్న విద్యార్థి కూడా పని చేసినట్టే. ఆ విశ్లేషణ రాసిస్తే పూర్తి మార్కులు ఇవ్వండి. లేని బగ్‌ను సరిచేసి పంపకుండా ఆగడం ఈ పనిలో చాలామందికి ఆలస్యంగా వచ్చే విద్య.

బ్యాచ్‌లో నలుగురుంటే ఎలా అని ఒక విభాగాధిపతి గారు నన్ను అడిగారు. ఒకే ఫైలు, దాని పరీక్షలు, దాన్ని పిలిచే చోట్లు తీసుకోమనండి. ఒకరు పరీక్షలు లేని ఫంక్షన్లకు పరీక్షలు రాయొచ్చు. ఒకరు చరిత్ర తవ్వొచ్చు. ఒకరు మెమరీ హద్దులు దాటితే పట్టించే కాసాన్ పెట్టి నడిపించొచ్చు. బయటికి పంపే ముందు నలుగురూ ఒకరి ప్యాచ్ ఒకరు చదవాలి, అభ్యంతరాలు రాతలో పెట్టాలి. ఆ రాతలే మీ డాక్యుమెంటేషన్. మాడ్యూల్స్ చాప్టర్‌లో ఏం రాయాలన్న బెంగ ఉండదు.

ఇది అందరికీ నప్పే పని కాదు, అందరి మీదా రుద్దమని నేను అడగడం లేదు. ఫేక్ న్యూస్ డిటెక్షన్ లాంటి ప్రాజెక్టు సొంతంగా చేయాలనుకునే పిల్లలు చేసుకోనివ్వండి. సెక్షన్‌కు ఒక్క బ్యాచ్ ముందుకొచ్చినా చాలు. ఆ బ్యాచ్‌కు ‘రెండు లైన్లేనా’ అన్న మాట ఎదురుకాకుండా చూడమనే నా విన్నపం. మీ విభాగం సమావేశంలో ప్రాజెక్టు నిబంధనలు మాట్లాడుకునేటప్పుడు ‘ఉన్న ఓపెన్ సోర్స్ కోడ్‌లో లోపం సరిచేయడం’ అని ఒక వరుస చేర్చండి. దాని పక్కన మార్కులు దేనికి వేస్తారో రాయండి: కారణం కనుక్కున్నందుకు, పరీక్షకు, వివరణకు, రివ్యూకు ఇచ్చిన జవాబుకు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే సార్లకూ మేడమ్‌లకూ ఆ కాగితం ముందుగానే పంపండి, వైవా రోజు పిల్లలు మొదటినుంచి వాదించుకోవాల్సిన పరిస్థితి రాకుండా.

గైడ్లుగా ఉన్న మీలో చాలామంది కెర్నెల్ కోడ్ చూసి ఉండకపోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు, సిలబస్‌లో లేనిదానికి మీకు టైమ్ ఎవరిచ్చారు? వేసవిలో నేను ఊళ్లోనే ఉంటాను. అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమండ్రి, ఎక్కడికి రమ్మన్నా వస్తాను, డబ్బులేమీ వద్దు. ముందు గైడ్లతో కూర్చుంటాను, తర్వాతే పిల్లలతో. ల్యాబులో ఒక మెషీన్, ప్రొజెక్టరు ఉంటే సరిపోతుంది. సోర్స్ నేను పెన్‌డ్రైవ్‌లో తెస్తాను. మొదటి రోజు కేయూనిట్ నడిపించి, ఒక పాత బగ్‌ను దాని సవరణకు ముందూ తర్వాతా మీ చేతులతోనే పరీక్షించి చూద్దాం. ఈ నిబంధన మీ కాలేజీకి పనికొస్తుందో లేదో ఆ తర్వాత మీరే నిర్ణయించండి.

ఇట్లు,
కోనసీమకు చెందిన ఒక కెర్నెల్ ప్రోగ్రామర్